సేవకు ముందు వేసిన బొమ్మ

బుధవారం పొద్దున బడికి పోయే దారిలో టీచరు పేము కుర్చీల కొట్టు ముందు ఆగింది. సోమవారం తన ఏడో తరగతి పిల్లలు చేసిన మంచిపని ఎలా నిలిచిందో చూసి, వీలైతే ఒక మంచిమాట విని పోదామని. మంచిపని చేసినవాళ్లకి మంచిమాట మీద కాస్త ఆశ ఉండటం తప్పేమీ కాదు.

తలుపు తోసింది. సడి లేకుండా తెరుచుకుంది.

"ఎవరది?" అన్నాడు లోపలినుంచి మేస్త్రి.

ఆ గొంతులో బెదురుంది. టీచరు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయనకి చూపు పోయి ముప్పై ఏళ్లు. అయినా కొట్లో కాలు పెట్టినవాళ్లని ఎవరని ఆయన అడగగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. రోజూ ఆ దారినే పోతూ ఎప్పుడైనా తలుపు తోస్తే చాలు, "రండి టీచరమ్మా, ఇవాళ తొందరగా బయల్దేరారే" అనేవాడు.

"నేనండీ, బడి టీచర్ని."

"మీరా అమ్మా! రండి. కూర్చోండి అందామంటే, ఏ కుర్చీ ఎక్కడుందో నాకే తెలీదు" అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఆవిడకీ బెదురు పుట్టింది. ఆయన గది మధ్యలో నేలమీద కూర్చునున్నాడు. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా చూడటం ఆవిడకి అదే మొదలు. ఒక గోడ పక్కన అల్లిక పూర్తయిన కుర్చీలు పన్నెండు. ఎదుటి గోడ పక్కన నాలుగు ఉత్త చట్రాలు, సీట్లు లేకుండా, నోళ్లు తెరుచుకుని. మిగతా గదంతా అద్దంలా ఉంది. అరల్లో డబ్బాలు ఎత్తువారీగా నిలబడ్డాయి. ప్రతి డబ్బాకీ రంగు పెన్సిళ్లతో రాసిన చీటీ. చీలలు. దబ్బనాలు. కత్తులు. ప్రతి చీటీ చివరా ఒక పువ్వు.

చూపు లేని మనిషి కోసం అంత అందంగా రాశారు. సోమవారం ఆ చీటీలు చూసి, దస్తూరీ కుదిరిందని ఆవిడ మెచ్చుకుంది కూడా.

"పని ఆగిపోయిందా మేస్త్రిగారూ?"

"ఆగలేదమ్మా. వెతుక్కుంటోంది."

జరిగిందంతా ఆయన నెమ్మదిగా చెప్పాడు. నింద వేసినట్టు కాదు, ఎక్కడో తన లెక్కే తప్పిందన్నట్టు. సోమవారం కూతురింటికి వెళ్లి మంగళవారం పొద్దున తిరిగొచ్చాడు. తలుపు తోస్తే కిర్రుమనలేదు. వేరేవాళ్ల కొట్లోకి వచ్చాననుకుని బయటికి పోయి పక్కకొట్టు దర్జీని అడిగాడు, "ఇది నా కొట్టేనా బాబూ?" అని. "నీదే పెద్దాయనా! బడిపిల్లలు వచ్చి బంగారంలా సర్దిపెట్టారు, తాళంచెవి నేనే ఇచ్చాను" అన్నాడు దర్జీ సంబరంగా.

"మడతబందులకి నూనె పెట్టించాను" అంది టీచరు.

"ఆ తలుపు నాకు కాపలా మనిషమ్మా. దర్జీ తోస్తే ఒక్కటే కూత. లైబ్రేరియను తోస్తే రెండు. మీరు సగం తోసి, రావచ్చో లేదో అని ఆగి, మళ్లీ తోస్తారు. మధ్యలో ఒక్క క్షణం ఊరుకుని కూసేది. ఇప్పుడు మూగదైపోయింది, పాపం."

ఆయన తిట్టుంటే బాగుండునని ఆవిడకి అనిపించింది.

"గుమ్మంనుంచి నా పీటదాకా నేలమీద ఒక తాడుండాలే, అదేమైందమ్మా?"

"పాత తాడండీ. ముళ్లు పడిపోయి..."

"ఆ ముళ్లు నేనే వేశాను. మొదటి ముడి దగ్గర ఆగి కుడిచెయ్యి చాపితే పేము బద్దలు నానే తొట్టి. రెండో ముడి దగ్గర ఎడమకి బద్దలు వేలాడే మేకులు. మూడో ముడి నా పీట. పీటకి ముందు ఒక సగం ఇటుక ఉండేది, కాలికి తగిలితే పని బల్ల అంచు వచ్చిందని."

తాడూ ఇటుకా సోమవారం సాయంత్రమే చెత్తబండిలో వెళ్లిపోయాయి. బండి అందుకోవడానికి పిల్లలు పరిగెత్తారు. ఆ పరుగు ఆవిడ కళ్లముందు కదిలింది.

"బద్దలైనా దొరికాయా?"

"దొరికాయి, మూడు కట్టలుగా. ఏ కట్ట తడిమినా సన్నవీ వెడల్పువీ కలిసిపోయి ఉన్నాయి. ఏ లెక్కన కట్టారో అంతు చిక్కలేదు."

"రంగుని బట్టండీ."

"ఎన్ని రంగులున్నాయేంటి?"

"మూడు. తెలుపు, పసుపు, కాస్త ఎరుపు."

"చూశారా! ఇన్నాళ్లనుంచీ అల్లుతున్నాను, ఒకటే అనుకున్నాను."

అది వేళాకోళమే. కానీ దాని కిందున్న సంగతి వేళాకోళం కాదు. తడుముకుని తడుముకుని ఆయన మళ్లీ అన్నీ అమర్చుకోగలడు. వారం పడుతుంది. గ్రంథాలయం చదువుల హాలుకి పదహారు కుర్చీలూ శనివారం పొద్దునకి అందాలి. ప్లాస్టిక్ కుర్చీలు వేద్దామని అక్కడ చాలామంది పట్టుబడితే, ముసలి లైబ్రేరియను ఒక్కడే అడ్డుపడి ఆ పని ఈయనకి ఇప్పించాడు. గడువు తప్పితే ఆయన మాట పోతుంది, హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు దిగుతాయి. ఏడాది పొడుగునా వచ్చే బాగుచేత పనీ ఆ హాలుదే. అది పోతే ఈ కొట్టు తలుపు కూయాల్సిన అవసరమే ఉండదు.

క్షమించండి అనే మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే తనకి తేలికవుతుంది. ఆయనకి ఒక్క బద్దైనా దొరకదు. మింగేసింది.

"మధ్యాహ్నం పిల్లల్ని తీసుకొస్తాను" అంది. అని, నాలుక కరుచుకుంది. "తీసుకురమ్మంటారా?"

"మళ్లీ సర్దడానికా?" అన్నాడు మేస్త్రి కంగారుగా.

"మీరు చెప్పినట్టు చెయ్యడానికి."

"చెప్పడానికి నా నోటికి తెలిస్తే కదమ్మా! చేతులకి తెలుసు. చెయ్యి ముందు పోయేది, వెనక నేను పోయేవాణ్ణి." కాసేపు ఆలోచించాడు. "సరే, తీసుకురండి. పాడు చేసినవాళ్లకే ఎక్కడ పాడు చేశారో తెలుస్తుంది."

బడికి నడుస్తూ ఆవిడ ఎవరినీ పలకరించలేదు. ఈ సంగతి తనకి తెలిసి ఉండాల్సింది. మిగతా ఎవరికి తెలియకపోయినా తనకి తెలియాలి.

ఎనిమిది నెలల కిందట ఆవిడ భర్త డ్యూటీకని బయల్దేరి, బస్సు ఎక్కకుండానే డిపోలో కూలిపోయాడు. కండక్టరు. ఆ తర్వాత ఆవిడ జ్వరంతో రెండు రోజులు మంచం మీదనుంచి లేవలేదు. లేచి చూసేసరికి ముందుగది అద్దంలా ఉంది. చొక్కాలు లేవు, కళ్లజోడు లేదు, ఆయన సాయంత్రాలు కూర్చునే పేము కుర్చీ అటకెక్కింది. అంతా చేసింది ఆయన అక్క. "నీ కంట పడకుండా అన్నీ తీసేశాను" అంది. "చాలా థాంక్సు వదినా" అంది ఈవిడ. ఆ తర్వాత ఆ వదినకి ఒక్క ఫోనైనా చెయ్యలేదు. గుండెల్లోంచి ఏదో పెరికేసినట్టుంటే పైకి థాంక్సు చెప్పిన మనిషి, ఈ సోమవారం నడుముకి తువ్వాలు బిగించుకుని, పదకొండుమంది పిల్లల్ని వెంటేసుకుని, ఇంకొకరి గది ఖాళీ చేసింది.

మూడో పీరియడు సేవ పీరియడు. జరిగింది జరిగినట్టు పిల్లలకి చెప్పింది. మొత్తం వినకుండానే తరగతి గగ్గోలెత్తింది.

"మనం శుభ్రమే కదా టీచర్ చేశాం!" అంది క్లాసు లీడరు. చీటీల మీద పువ్వులు ఆ అమ్మాయివే.

"నూనె నేను పెట్టలేదు టీచర్" అన్నాడు గుండు. వాడి తల గుండ్రంగా ఉంటుందని చిన్నప్పుడెవరో పెట్టిన పేరు. జుట్టు ఒత్తుగా పెరిగినా పేరు ఊడలేదు.

"నువ్వే కదరా పెట్టావు! సగం డబ్బా పోశావు, చొక్కా నిండా పూసుకున్నావు!"

"పెట్టమన్నారు, పెట్టాను. బాగా పెట్టడం తప్పా?"

"పెట్టమన్నది నేనే" అంది టీచరు. "తాతని అడగకుండా చేద్దాం, వచ్చి చూసి ఆశ్చర్యపోతాడు అని మీరంటే, సరే అన్నదీ నేనే. ఇప్పుడు ఎవరు చేశారన్నది వద్దు. ఏది ఎక్కడుండేదో కావాలి. చెప్పండి."

గంటసేపు ఆ గదిలో తిరిగిన పదకొండుమందిలో ఏ డబ్బా ఏ మూల ఉండేదో ఒక్కరికీ గుర్తులేదు. అంతా చెత్త అనుకుని చూశారు. చెత్తకి చోటేముంటుంది?

"టీచర్, సేవ పుస్తకం!" అన్నారెవరో.

సేవ పుస్తకం పెద్ద మేడం పెట్టిన పద్ధతి. ఏ సేవ చేసినా ఎవరి పుస్తకంలో వాళ్లు రెండు పేజీలు నింపాలి. ఎడమ పేజీ 'సేవకు ముందు', కుడి పేజీ 'సేవ తరువాత'. ముందు ఎంత దరిద్రంగా ఉంటే తరువాత అంత వెలుగు. అందుకని సోమవారం పనిలోకి దిగేముందు, గది ఎంత చెత్తగా ఉందో చూపించడానికి పిల్లలందరూ తలో బొమ్మ గీసుకున్నారు. రెండు నిమిషాల్లో గీసేసి చీపుళ్లు పట్టుకున్నారు.

ఒక్క పిల్ల తప్ప. అందరూ బొమ్మలపిల్ల అని పిలిచే ఆ అమ్మాయి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని, తలెత్తడం, దించడం, అరగంట గీస్తూనే ఉంది. "అందరూ చీపురు పట్టుకుంటే నువ్వు పెన్సిలు పట్టుకుంటావా? పని దొంగా!" అని టీచరే కోప్పడి లేపింది.

ఇప్పుడా పిల్ల వెనక బెంచీలోంచి తన పుస్తకం తెచ్చి బల్లమీద విప్పింది. గోడమీద మేకులు ఆరు. మూడోది వంగి ఉంది. ఒక్కో మేకుకీ ఎన్ని బద్దలు వేలాడుతున్నాయో అన్నీ గీసింది. నేలమీద తాడు, తాడుకి ముళ్లు. సగం ఇటుక, విరిగిన మొహం గోడవైపు.

టీచరు చాలాసేపు ఆ పేజీ చూసింది.

"మొన్న నిన్ను కోప్పడ్డాను. తప్పు నాది."

"పర్లేదు టీచర్" అంది బొమ్మలపిల్ల. కొంచెం ఆగి, "కాకపోతే మీరు లేపేశారు కదా, నీళ్ల తొట్టి గియ్యలేదు. అది ఎక్కడుందో నాకూ తెలీదు" అంది.

మధ్యాహ్నం కొట్టు గుమ్మం ముందు పదకొండుమందీ వరసగా నిలబడ్డారు. మూగ తలుపు మీద లీడరు వేలితో కొట్టింది. "తాతా, లోపలికి రావచ్చా?"

"మొన్న అడగనివాళ్లు ఇవాళ అడుగుతున్నారే! రండి, రండి. ఇంకా ఏమైనా మిగిలుంటే పారేద్దురుగాని."

పిల్లలు తలలు దించుకున్నారు. "తాత కోపంగా ఉన్నాడా, ఊరికే అంటున్నాడా?" అని గుండు లోగొంతుకతో అడిగాడు.

"ఊరికే అంటున్నాన్రా. నువ్వేనా నూనె?"

గుండు నోరు వెళ్లబెట్టాడు. "ఎలా తెలిసింది?"

"ఇంకా వాసనొస్తున్నావు."

అక్కడినుంచి గది కాస్త తేలికపడింది. ముందు అందరి బొమ్మలూ చదివి వినిపించాలని ఒప్పందం. గుండు తనది తీసి, "తలుపు మూల పెద్ద ఎలుక, తాతా" అని మొదలుపెట్టాడు.

మేస్త్రి అదిరిపడ్డాడు. "ఎలుకా? నా కొట్లోనా? బద్దలు కొరికేస్తుంది కదరా! ఏ మూల?"

"అంటే... నిజంగా లేదు. నేనే పెట్టాను. చెత్త ఎక్కువగా కనిపించాలని."

"పెట్టినవాడివి పిల్లిని కూడా పెట్టాల్సింది."

ఇంకొకరి బొమ్మలో నాలుగు సాలెగూళ్లు, మరొకరి దాంట్లో కప్పు మీదనుంచి కారే నీళ్లు బయటపడ్డాయి. ఒక్కోటి చదువుతుంటే చదివేవాళ్లకే సిగ్గేసింది. మేస్త్రి మాత్రం, "ఇంత దరిద్రంలో బతుకుతున్నానని తెలిస్తే మా అమ్మాయి ఎప్పుడో తీసుకుపోయేది" అని పడీ పడీ నవ్వాడు.

బొమ్మలపిల్ల వంతు వచ్చింది. వేలు పెట్టి చూస్తూ చెప్పింది. "మేకులు ఆరు. మూడోది కిందకి వంగుంది."

"వంగాలి! అదే నా గుర్తు. దానికి ముందువి రెండూ సన్నవి, తర్వాతవి మూడూ వెడల్పువి." ఆయన చెయ్యి గోడమీద పాకి ఆగింది. "తిన్నగా ఉందేమిటిది?"

అందరూ గుండువైపు చూశారు. "సుత్తి ఖాళీగా ఉందని..." అన్నాడు గుండు.

"మళ్లీ వంచెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది."

పని నడిచింది. లీడరు తన తాడాట తాడు తెచ్చి గుమ్మంనుంచి పరిచింది. బడి వెనక కూలిన గోడలోంచి, వాచ్‌మన్‌ని అడిగి, సగం ఇటుక తెచ్చారు. ముట్టుకునే ప్రతి వస్తువుకీ, "ఇది ఉంచమంటారా, తియ్యమంటారా?" అని అడగాలని టీచరు నియమం పెట్టింది. పదకొండు గొంతులు అడిగి అడిగి మేస్త్రిని ఊదరగొట్టాయి. చీటీల సంగతి వచ్చింది. ఉంచమన్నాడు. "చూపున్నవాళ్లు వస్తారుగా, చదువుకుంటారు. నాకోసం పక్కన ఇంకోటి అతికించండి. చీలల డబ్బాకి ఒక చీల. అది నేను చదువుతాను."

తొట్టి దగ్గర ఆగిపోయారు. ఇప్పుడది కిటికీ కింద ఉంది. మొదటి ముడికి కుడివైపన్నది నిజమే. కానీ ఎంత దూరం? మేస్త్రి చెయ్యి చాపాడు, అనుమానపడ్డాడు, కొంచెం అటన్నాడు, కొంచెం ఇటన్నాడు. ఆలోచించేకొద్దీ ఆయనకే తెలియకుండా పోతోంది.

"తాతా, గుర్తు తెచ్చుకోకండి" అంది బొమ్మలపిల్ల. "పొద్దున వచ్చి పని మొదలుపెట్టినట్టు చెయ్యండి, చాలు."

ఆయన గుమ్మంలోకి వెళ్లాడు. మూగ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. కాలికి తాడు తగిలించుకుంటూ నడిచి, మొదటి ముడి దగ్గర ఆగి, కూనిరాగమేదో తీస్తూ వంగి, గాలిలోనే చెయ్యి ముంచాడు. తీసి విదిల్చాడు. ఎదురుగా ఉన్న గుండు చటుక్కున మొహం తుడుచుకున్నాడు.

అందరూ నవ్వారు. టీచరు కూడా నవ్వింది. ఆ సడి తన గొంతులోంచే వచ్చిందని తెలుసుకోవడానికి ఆవిడకి ఒక్క క్షణం పట్టింది. తొట్టి మాత్రం ఆ చెయ్యి ఆగిన చోటుకి చేరింది.

బుధవారం అలా పోయింది. ఇంకా నాలుగు చట్రాలు. గురువారం, శుక్రవారం చివరి రెండు పీరియడ్లూ ఈ పనికి ఇమ్మని టీచరు పెద్ద మేడంని అడిగింది. మేడం కళ్లజోడు సవరించుకుని, "ఇంకా శుభ్రం కాలేదా?" అంది. "అయిందండీ, అదే ఇబ్బంది" అంది టీచరు. మేడంకి అర్థం కాకపోయినా సంతకం పెట్టింది.

కలిసిపోయిన బద్దల్ని వేరు చెయ్యడం అన్నిటికన్నా పెద్ద పని. పిల్లలు చూసి చూసి తప్పులు చేశారు. "కళ్లు మూసుకోండర్రా" అన్నాడు మేస్త్రి. "తెరిచుంటే మీకు రంగే కనిపిస్తుంది. బొటనవేలికి అడ్డంగా పెట్టుకోండి. గోరుదాకా వస్తే వెడల్పుది." పదకొండుమంది కళ్లు మూసుకుని నేలమీద కూర్చుని బద్దలు తడుముతుంటే, గుమ్మంలోంచి చూసిన దర్జీ టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడు. తాళంచెవి ఇచ్చినందుకు రెండు రోజులుగా మొహం చాటేసినవాడు, నెమ్మదిగా వచ్చి తనూ ఒక కట్ట ముందేసుకున్నాడు. గుండుకి మాత్రం తలుపు అప్పగించారు. బందుల్లోని నూనె పోయేదాకా సబ్బునీళ్లతోనూ ఇసకతోనూ తోమడం వాడి శిక్ష. వాడు దాన్ని పదవి అనుకున్నాడు.

ఇక అల్లిక మొదలైంది. చెయ్యి చాపితే తొట్టి, చెయ్యి చాపితే మేకు. బద్ద కన్నంలో దూర్చడం, లాగడం, చీల దిగ్గొట్టడం. ఆయన చేతులు మళ్లీ ముందు నడిచాయి. గురువారానికి రెండు కుర్చీలు అయ్యాయి. శుక్రవారం మూడోది. నాలుగోదానికి ఐదు వరసలు మిగిలుండగా పొద్దు వాలింది. "ఇంక పొండి పిల్లలూ, ఇళ్లలో చూస్తుంటారు" అన్నాడు.

"చీకటి పడుతోంది, నువ్వెలా చేస్తావు తాతా?" అంది లీడరు. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చీకటికీ నాకూ ముప్పై ఏళ్ల స్నేహం తల్లీ. నువ్వేం బెంగపడకు."

శనివారం పొద్దున ట్రాలీ వచ్చింది. పదహారు కుర్చీలూ ఎక్కాయి. ముసలి లైబ్రేరియను ఒక్కో సీటూ అరచేత్తో నొక్కి చూశాడు. బాగున్నాయనలేదు, బాగాలేవనలేదు. "హాల్లో ఇంకో పదింటికి సీట్లు ఊడాయి. వచ్చే నెల పంపిస్తాను, ఖాళీ ఉంచుకో" అన్నాడు. మేస్త్రి అక్కడే పీటమీద కూలబడి, మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు. పిల్లలు భయపడ్డారు. "ఏం లేదర్రా, చెమట" అన్నాడు ఆయన తువ్వాలు కిందనుంచి.

ఆ మధ్యాహ్నమే బొమ్మలపిల్ల సేవ పుస్తకం పెద్ద మేడం బల్లమీదికి చేరింది. ఆవిడ ఎడమ పేజీ చూసింది, కుడి పేజీ చూసింది, మళ్లీ ఎడమ పేజీ చూసింది.

"ఇదేంటి టీచరుగారూ, ముందూ తరువాతా ఒకేలా ఉన్నాయి?"

"అవునండీ. అలా ఉండటానికే ఇంతమందికి ఇన్ని రోజులు పట్టింది."

"ఏమీ మారలేదా?"

"ఒకటి మారిందండీ" అంటూ టీచరు కుడి పేజీ మీద వేలు పెట్టింది. "తొట్టి ఉంది."

ఆదివారం పొద్దున టీచరు వదినకి ఫోను చేసింది.

"వదినా, నేను."

"నువ్వేనని చూశాను. నంబరు తీసెయ్యలేదులే." వదిన గొంతు బింకంగా ఉంది. "ఎనిమిది నెలలకి గుర్తొచ్చానన్నమాట."

"ఆయన కుర్చీ అటక మీదుంది కదా. ఒక్కదాన్నే దింపలేను. వస్తావా?"

బింకం కరిగిపోయింది. "నీకు కోపమొచ్చిందని నాకు తెలుసే. అప్పుడు తెలీలేదు, ఇంటికొచ్చాక తెలిసింది. నీ కంట పడితే ఏడుస్తావని తీశాననుకున్నాను. నా కంట పడితే నేను ఆగలేననే తీశాను. అడగాల్సింది. అడిగే ఓపిక లేకపోయింది."

"నాకూ చెప్పే ఓపిక లేకపోయింది."

"ఏదీ పారెయ్యలేదే. కళ్లజోడు మడతైనా పెట్టలేదు. వాడు ఎలా తెరిచి పెట్టాడో అలాగే డబ్బాలో పెట్టాను. మడిస్తే ఇంక వాడు పెట్టింది కాదనిపించింది."

టీచరు గోడకి ఆనుకుంది. "థాంక్సు వదినా" అంది. ఈ మాట ఎనిమిది నెలల కిందట కూడా అంది. అప్పుడది మర్యాద.

సోమవారం బడి వదిలాక, వదినతో కలిసి దింపిన ఆ కుర్చీ చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లింది. చేతులు ఖాళీ లేక భుజంతో తలుపు తోసింది. సగం తెరిచి, అలవాటు ప్రకారం ఆగి, మళ్లీ తోసింది. తలుపు సన్నగా మూలిగి, ఊరుకుని, మళ్లీ మూలిగింది.

"రండి టీచరమ్మా" అన్నాడు మేస్త్రి తల తిప్పకుండానే. "ఏదో మోసుకొచ్చారే?"

కుర్చీ ఆయన ముందు దింపింది. ఎవరిదో చెప్పలేదు. ఆయన అరచేతులు సీటు మీద పరిచి, మెల్లగా, నిద్రపోయేవాళ్లని నిమిరినట్టు నిమిరాడు. మధ్యలో సాగి కిందకి దిగింది. వెనక ఎడమవైపు ఆరేడు బద్దలు తెగి ఉన్నాయి.

"మగమనిషి. ఎడమకాలు మడిచి కిందేసుకుని కూర్చునేవాడు. ముందు అంచు చెక్కుచెదరలేదు, బరువంతా వెనకే. ఏదో పనికి లేవాల్సినవాడు ఇలా కూర్చోడు. పొద్దస్తమానం నిలబడి, ఎప్పుడెప్పుడు కూర్చుందామా అని ఇంటికొచ్చినవాడు ఇలా కూర్చుంటాడు."

బస్సులో ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషి. ఆయన కూర్చున్న తీరుని ఆయన పోయాక ఇంకొకరు చెప్పగా వినడం ఆవిడకి ఇదే మొదలు. ఆ మాటలు కొత్తగా ఉన్నాయి, ఒక్కటైనా తప్పు లేదు.

మేస్త్రి చేతులు సీటు మీదే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఆయనకి తెలియాల్సింది తెలిసింది.

"అమ్మా, ఈ సీటు కోసేసి కొత్తగా అల్లొచ్చు. అప్పుడు మీరు కూర్చోవచ్చు, కానీ ఈ పల్లం ఉండదు. లేదంటే ఇలాగే వదిలెయ్యొచ్చు. కూర్చోవడానికి పనికిరాదు, ఉంటుంది." తల ఎత్తాడు. "తియ్యమంటారా, ఉంచమంటారా?"

ఎనిమిది నెలల్లో ఎంతోమంది ఆవిడకి ఎన్నో చేశారు, వండి పెట్టారు, ధైర్యం చెప్పారు, గదులు సర్దారు. ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"ఇప్పుడే చెప్పలేనండీ."

"ఇప్పుడే ఎవరడిగారు? మూడో ముడికి ఎడమపక్క పెట్టండి. రోజూ చేతికి తగులుతూ ఉంటే నాకు గుర్తుంటుంది. మీకు ఎప్పుడు తెలిస్తే అప్పుడు చెప్దురుగాని."

ఆవిడ తాడు వెంబడే నడిచి, మూడో ముడి దగ్గర ఆగింది. ఎడమపక్కన, ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలో కుర్చీ పెట్టింది. సరిగ్గా ఉందా అని అడిగింది. ఆయన చెయ్యి చాపి తడిమి, సరిగ్గా ఉందన్నాడు.

బయటికి వస్తుంటే వెనక తలుపు మూలిగింది. ఆగకుండా వచ్చింది కాబట్టి ఒక్కసారే మూలిగింది.